డెర్వెంట్ లోయ చుట్టూ: బోడి కొండలు, మూడు ఆనకట్టలు, ఒక ముంపు ఊరు

శుక్రవారం

షెఫీల్డ్ ఏడు కొండల మీద కట్టిన ఊరని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. మా మేనల్లుడి అద్దె ఇల్లు ఆ ఏడింటిలో ఏ కొండ మీదుందో గానీ, స్టేషన్ నుంచి సూట్‌కేసు లాక్కుంటూ అక్కడికి చేరేసరికి నాకు ఆయాసం వచ్చింది. "ఈమాత్రానికే ఇట్లయితే రేపు ఎట్ల మామా?" అన్నాడు వాడు.

నేను కర్నూలులో ఇరిగేషన్ శాఖలో పనిచేస్తాను. ఇంగ్లండ్ వెళ్తున్నానంటే ఆఫీసులో అందరూ లండన్ గురించి, బకింగ్‌హామ్ ప్యాలెస్ గురించి చెప్పారు. నా మనసు మాత్రం డెర్వెంట్ లోయ మీదే ఉంది. ఒకే లోయలో ఒకదాని దిగువన ఒకటిగా హౌడెన్, డెర్వెంట్, లేడీబవర్ అనే మూడు రిజర్వాయర్లు, వాటి పైన చెట్టన్నది లేని కొండలు. పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా నడవొచ్చని వీడు ఫోన్లో చాన్నాళ్లుగా ఊరిస్తున్నాడు.

రాత్రి భోజనాలయ్యాక వాడు టేబుల్ మీద మ్యాప్ పరిచాడు. ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల 1:25,000 స్కేలు మ్యాప్, డార్క్ పీక్ షీటు. పుస్తకాల షాపులో దుడ్లిచ్చి కొన్నదే. మా రోజుల్లో టోపోషీటు కావాలంటే అర్జీ పెట్టుకుని, సంతకాలు చేసి, బీరువాలోంచి తీయించుకోవాల్సి వచ్చేది. ఇక్కడ దారిన పోయే ఎవరైనా కొనుక్కోవచ్చు. పొలం గట్ల వెంట పోయే కాలిబాటలకు ఆకుపచ్చ గీతలు వేశారు. కొండల మీదంతా లేత పసుపు రంగు పులిమారు.

ఆ పసుపు రంగుకి ఒక కథుంది. ఆ రంగున్న నేల ఎవరి సొంతమైనా సరే, దాని మీద కాలినడకన ఎక్కడికైనా తిరిగే హక్కు జనానికి ఉంది. ఆ హక్కునిచ్చిన చట్టం 2000లో వచ్చింది. దానికోసం మొదలైన పోరాటం మాత్రం చాలా పాతది. ఒకప్పుడు ఈ కొండలన్నీ డ్యూకులవీ, మిల్లు యజమానులవీ. ఏడాదిలో కొద్ది రోజులపాటు గ్రౌస్ అనే పిట్టల్ని వేటాడ్డం కోసం మిగతా ఏడాదంతా కాపలాదార్లను పెట్టి, మనిషన్నవాణ్ణి రానిచ్చేవాళ్లు కాదు. కొండకి అటు మాంచెస్టర్, ఇటు షెఫీల్డ్. వారమంతా పొగలో పనిచేసే కార్మికులకు ఆదివారం ఒక్కపూట గాలి పీల్చుకోవడానికి కనబడే కొండ నిషిద్ధం. 1932 ఏప్రిల్ 24న హేఫీల్డ్ అనే ఊరినుంచి కొన్ని వందలమంది కుర్రాళ్లు కిండర్ స్కౌట్ కొండ మీదికి కావాలనే చొరబడ్డారు. ముందున్నవాడు బెన్నీ రాత్‌మన్, ఇరవయ్యేళ్లవాడు. అయిదుగురిని జైల్లో పెట్టారు. ఆ శిక్షలతోనే విషయం దేశమంతా పాకింది. 1951లో బ్రిటన్ మొట్టమొదటి నేషనల్ పార్కు ఈ పీక్ డిస్ట్రిక్ట్‌లోనే ఏర్పడింది.

మాకు రేపు కిండర్ దారి కాదు, దానికి తూర్పున ఉన్న డెర్వెంట్ ఎడ్జ్ దారి. మొత్తం ముప్ఫై కిలోమీటర్ల దరిదాపుల్లో తేలింది. అక్క నంద్యాల నుంచి వీడియో కాల్ చేసి, చిత్రాన్నంలో నిమ్మకాయ ఎప్పుడు పిండాలో కొడుక్కి చెబుతూ, మధ్యలో నన్నూ తిట్టింది. "ఈ వయసులో నీకు కొండలెందుకురా?" అని.

శనివారం

పొద్దున్నే రైలు. షెఫీల్డ్ దాటిన కాసేపటికే టాట్లీ సొరంగం వస్తుంది. 1893లో మొదలైంది, అయిదున్నర కిలోమీటర్ల పైమాటే. చీకట్లోంచి బయటపడగానే ఊరి వాసన పోయి పచ్చటి లోయ ఎదురవుతుంది. మేం బామ్‌ఫర్డ్‌లో దిగాం.

అక్కణ్ణుంచి చెట్ల నీడలో చదునుగా ఒక బాట పోతుంది. అది పాత రైలు కట్ట. హౌడెన్, డెర్వెంట్ ఆనకట్టలు కట్టేటప్పుడు రాయి మోయడానికి వేసిన లైను ఇదే. గ్రిండిల్‌ఫర్డ్ దగ్గరి బోల్ హిల్ క్వారీ నుంచి 12 లక్షల టన్నులకు పైగా రాయి ఈ దారినే వెళ్లింది. పని అయిపోయాక పట్టాలు పీకేసి వదిలేశారు. ఇప్పుడు సైకిళ్లు, కుక్కల్ని తిప్పేవాళ్లు, మాలాంటివాళ్లు.

లేడీబవర్ ఆనకట్ట కిందికి చేరేసరికి యార్క్‌షైర్ బ్రిడ్జ్ అనే చిన్న ఊరు. ఒకే తీరు ఇళ్లు వరసగా ఉన్నాయి. చూడగానే నాకు అనుమానం వచ్చింది, ఇది కాలనీ అని. మావాణ్ణి అడిగితే అవునన్నాడు. లేడీబవర్ నీళ్లలో డెర్వెంట్, ఆషాప్టన్ అనే రెండు ఊళ్లు మునిగాయి. ఆ ఊళ్లవాళ్ల కోసం కట్టిన ఇళ్లివి. అంటే మా భాషలో పునరావాస కాలనీ. రాతి గోడలు, ముందు చిన్న తోట, కిటికీలో పూలకుండీ. శ్రీశైలం ముంపు కాలనీలు ఎన్నో తిరిగినవాణ్ణి నేను. అక్కడే కాసేపు నిలబడి, ఏమీ అనకుండా ముందుకు నడిచాను.

లేడీబవర్ మట్టికట్ట. నడిమధ్య బంకమట్టి గోడ, దాని మీద మట్టి, దిగువ వాలంతా గడ్డి. 1935లో మొదలుపెట్టి 1943లో పూర్తి చేశారు. అంటే యుద్ధం జరుగుతుండగానే. 1945 సెప్టెంబర్ 25న ఆరో జార్జి రాజు వచ్చి ప్రారంభించాడు. ఈ కట్టలో నేను చూడాలనుకున్నది వేరే ఉంది. కట్ట పక్కన నీళ్లలో గుండ్రటి రాతి బావులు రెండు, ఒక్కోటి 24 మీటర్ల వెడల్పు. రిజర్వాయరు నిండితే నీళ్లు అంచు మీదుగా నలువైపుల నుంచీ ఆ నోట్లోకి దూకి, సొరంగంలోంచి దిగువ ఏటికి పోతాయి. మా వాళ్లు మార్నింగ్ గ్లోరీ స్పిల్‌వే అంటారు. గేట్లు లేవు, ఎత్తేవాడు అక్కర్లేదు, రాత్రి ఫోన్లు రావు. గేట్ల ఆపరేషన్‌తో జుట్టు నెరిసినవాడికి ఇది ఎంత హాయిగా అనిపిస్తుందో వేరే చెప్పాలా! ఆగస్టు చివర కాబట్టి నీటిమట్టం తగ్గి, అంచు కింద మెట్లు మెట్లుగా దిగిపోయే రాయి అంతా పొడిగా బయటపడి ఉంది. నేను ఫొటోలు తీస్తుంటే, "మామా, ఇంకా మూడు కిలోమీటర్లు కూడా కాలేదు" అని గుర్తు చేశాడు మావాడు.

రోడ్డు వెంట వంతెన దాటి, లేడీబవర్ ఇన్ వెనకనుంచి ఎక్కుడు మొదలుపెట్టాం. మొదట ఓక్ చెట్లు, తరవాత నడుమెత్తు ఫెర్న్ పొదలు, ఆపైన హెదర్ అనే పొట్టి పొదలు. ఆగస్టులో హెదర్ పూస్తుంది. కొండ కొండంతా ఊదారంగు. తేనెటీగల రొద చెవుల్లో ఆగదు. విన్‌స్టోన్ లీ టార్ మీదికి చేరి వెనక్కి తిరిగితే రిజర్వాయరు రెండు పాయలుగా చీలి కనబడుతుంది. షెఫీల్డ్ నుంచి మాంచెస్టర్ పోయే రోడ్డు ఒక పొడవాటి వంతెన మీద నీళ్లు దాటుతుంది. ఆ వంతెన కిందే ఆషాప్టన్ ఉండేది. ఆ ఊరు ఇప్పుడు పూర్తిగా ఒండ్రులో కూరుకుపోయింది. కాస్త ఎగువన, కుడిచేతి పాయలో డెర్వెంట్.

డెర్వెంట్ కథ నాకు ముందే కొంత తెలుసు. నీళ్లు నింపేముందు ఇళ్లు కూల్చేశారు. చర్చిని పడగొట్టారు గానీ దాని గోపురాన్ని మాత్రం అట్లాగే ఉంచేశారు. కొన్నాళ్లు అది నీళ్లమధ్య ఒంటరిగా నిలబడింది. జనం పడవలేసుకుని, ఈదుకుని దాని దగ్గరికి పోతున్నారని, ప్రమాదమని, 1947 డిసెంబర్ 15న పేల్చేశారు. శ్మశానంలోని సమాధుల్ని తవ్వి, లోపలివాళ్లను బామ్‌ఫర్డ్ చర్చికి తరలించారు. 1976లో, 1995లో, 2018లో వానలు ముఖం చాటేసినప్పుడు ఊరి మొండి గోడలు బయటపడ్డాయి. అప్పుడు చూడ్డానికి వేలమంది వచ్చారు. ఈసారి మాకు నీళ్లే కనబడ్డాయి.

మా జిల్లావాళ్లకు ఈ కథ ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. శ్రీశైలం నిండినప్పుడు వందకు పైగా ఊళ్లు పోయాయి. మా నాన్న మేనమామ వాళ్లది వాటిలో ఒకటి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నెంబరు వేసి విప్పదీసి, అలంపురంలో మళ్లీ కట్టారు. సప్తనదుల సంగమేశ్వరం మాత్రం అక్కడే ఉండిపోయింది. ఎండాకాలం నీళ్లు తగ్గితే గుడి పైకి తేలుతుంది, వేపమొద్దు లింగానికి పూజలు మొదలవుతాయి, వాన పడితే మళ్లీ మునుగుతుంది. "ఇక్కడ గుడి గోపురం పేల్చేశారు, అక్కడ పూజారి పడవలో పోతాడు" అన్నాడు మావాడు. తేడా అంతేనా అంటే అంతే కాదు. అయినా ఆ మాట నాకు నచ్చింది.

ఇక్కణ్ణుంచి డెర్వెంట్ ఎడ్జ్. అంచు వెంబడి ఉత్తరంగా పోయే బాట, ఎడమ చేతికి లోయ, కుడిచేతికి ఎటు చూసినా మూర్, అంటే హెదర్ కప్పిన చెట్లులేని బయలు. ఇది గ్రిట్‌స్టోన్ దేశం. గాలి, వాన, మంచు కలిసి ఆ ఇసుకరాతిని కోసి పేర్చిన గుట్టలు దారి పొడవునా నిలబడి ఉంటాయి. ఒక గుట్ట పేరు వీల్ స్టోన్స్. దూరం నుంచి చూస్తే గుర్రబ్బండి పరిగెడుతున్నట్టుందని కోచ్ అండ్ హార్సెస్ అని కూడా అంటారు. ఇంకోటి సాల్ట్ సెల్లార్, మరోటి కేక్స్ ఆఫ్ బ్రెడ్. పేరు పెట్టిన వాళ్లంతా ఆకలి మీదున్నట్టున్నారు. మేమూ డవ్‌స్టోన్ టార్ చాటున గాలికి వీపు పెట్టి కూర్చుని డబ్బాలు విప్పాం. చిత్రాన్నంలో వేరుశనగపప్పు కొంచెం మాడింది. ఆ సంగతి అక్కకు చెప్పనని మాటిచ్చాను.

తింటుండగా హెదర్ లోంచి ఒక పిట్ట ఠక్కున లేచి నేలబారున ఎగురుకుంటూ పోయింది. రెడ్ గ్రౌస్. దాని అరుపు అచ్చం "గో బ్యాక్, గో బ్యాక్" అన్నట్టే ఉంటుంది. మావాడి వీసా పొడిగింపు ఇంకా తేలలేదు, వాడి టెన్షన్ వాడిది. "చూడు మామా, దీనికి కూడా తెలిసిపోయింది" అని నవ్వాడు.

ఈ పిట్ట కోసమే ఈ కొండలు ఇట్లా ఉన్నాయి. ఆగస్టు 12న వేట సీజన్ మొదలవుతుంది. గ్రౌస్ లేత హెదర్ చిగుళ్లు తింటుంది, ముదురు హెదర్‌లో గూడు కడుతుంది. అందుకని కాపలాదార్లు చలికాలంలో పొదల్ని కొంత కొంతగా తగలబెడుతూ వస్తారు. మూర్ మీద అతుకుల్లాంటి ముదురు, లేత చారలు కనబడేది అందుకే. పీట్ అనే నల్లమట్టి లోతుగా ఉన్న రక్షిత ప్రాంతాల్లో తగలబెట్టడం మీద 2021లో ఆంక్షలు తెచ్చారు. దాని మీద తగువులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. చూసేవాడికి ఇదంతా మనిషి చెయ్యి పడని అడవి చోటనిపిస్తుంది. అది ఒట్టి భ్రమ. చెట్లు కొట్టింది మనిషే, గొర్రెల్ని తోలింది మనిషే, నిప్పు పెట్టింది మనిషే. కింద కనబడే సరస్సులూ మనిషి కట్టినవే. ఈ లోయలో దేవుడు చేసిన పనులు వెతికి పట్టుకోవాలి.

డవ్‌స్టోన్ దాటాక దారి మెత్తబడింది. పీట్ అంటే వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లని నాచు పేరుకుని ఏర్పడిన నల్లటి మట్టి. చోట్లు చోట్లుగా మనిషెత్తు దాకా ఉంటుంది. దాన్ని తయారుచేసేది స్ఫాగ్నమ్ అనే నాచు. ఒక గుంత పక్కన మోకాళ్ల మీద కూర్చుని గుప్పెడు పీకి పిండాను. చేతినిండా నీళ్లు కారాయి, నాచు మాత్రం ఎండిన దూదిపింజలా తేలికైపోయింది. వదిలేస్తే మళ్లీ మెల్లగా విచ్చుకుంది. తన బరువుకు చాలా రెట్లు నీళ్లు పట్టి ఉంచుతుందట. ఇంజినీరు బుర్ర ఊరుకోదు కదా: కింద మూడు రిజర్వాయర్లకు పైన కట్టిన నాలుగోది ఇదే. వాన నీటిని ఒక్కసారిగా దిగనివ్వకుండా ఆపి, నిదానంగా వదులుతుంది. దీనికీ గేట్లు లేవు.

ఈ నాచును చంపింది మాంచెస్టర్, షెఫీల్డ్ ఫ్యాక్టరీల పొగ. రెండు వందల ఏళ్లపాటు గంధకం నిండిన వాన పడితే ఏది బతుకుతుంది? నాచు పోయాక పీట్ బట్టబయలై, కోసుకుపోయి, వాగుల్లో కొట్టుకొచ్చి రిజర్వాయర్లలో పూడికైంది. 2003 నుంచి మూర్స్ ఫర్ ద ఫ్యూచర్ అనే భాగస్వామ్య సంస్థ హెలికాప్టర్లతో సున్నం, గడ్డి విత్తనాలు చల్లి, కాలవలకు అడ్డుకట్టలు వేసి, స్ఫాగ్నమ్ మొక్కలు చేత్తో నాటిస్తోంది. మన వాటర్‌షెడ్ పనులే, చలిలో.

బాట కోసుకుపోకుండా బండలు పరిచారు. పెనైన్ కొండల్లో ఇట్లాంటి బండలు చాలావరకు కూల్చేసిన బట్టల మిల్లుల నేలల్లోంచి తెచ్చినవే. వాటిమీద అక్కడక్కడా గుండ్రటి బెజ్జాలుంటాయి, మిషన్ల బోల్టులు బిగించిన చోట్లు. అట్లాంటి ఒక బెజ్జంలో వాన నీళ్లు నిలిచి, చుట్టూ తుప్పు మరక, నీటిలో ఒక చిన్న పురుగు ఈదుతూ ఉంది. ఆ మిల్లుల బట్టలే కదా ఒకప్పుడు మన ఊళ్ల మగ్గాలను మూలన పడేసింది. ఇప్పుడు వాటి నేల మీద కర్నూలు వాళ్లిద్దరు బురద అంటకుండా నడుస్తున్నారు!

బ్యాక్ టార్ 538 మీటర్లు. పైన ఉన్న సర్వే స్తంభం అందుకోవాలంటే రాళ్ల మీద చేతులూ కాళ్లూ వేసి ఎక్కాల్సిందే. వాడు ఎక్కాడు, నేను కింద నిలబడి ఎక్కినట్టే లెక్క వేసుకున్నాను. అప్పటికే మబ్బు కమ్మింది. పది నిమిషాల్లో ఎదురుగా ఉన్న రాయి కూడా కనబడనంత దట్టమైన పొగమంచు. ఫోన్ సిగ్నల్ లేదు. మ్యాపూ దిక్సూచీ బయటికి తీశాడు మావాడు. వీడు దిక్సూచి చూసి నడవగలడని అప్పుడు తెలిసింది నాకు. కర్నూలులో ఉండగా బస్టాండుకి దారి అడిగేవాడు.

తరవాతి మిట్ట పేరు లాస్ట్ ల్యాడ్, తప్పిపోయిన కుర్రాడు. డెర్వెంట్ ఊరి పిల్లాడొకడు తోడుగా కుక్కతో కొండెక్కి గొర్రెల్ని తోలుకొస్తూ, మంచులో దారి తప్పి, ఒక బండ చాటున తలదాచుకున్నాడట. బండ మీద ఆ రెండు మాటలే గీసి చనిపోయాడట. వచ్చే పోయే కాపర్లు తలా ఒక రాయి వేస్తే ఈ రాళ్లకుప్ప ఏర్పడిందని చెబుతారు. కథే అయ్యుండొచ్చు. ఆ మంచులో నిలబడి వింటే మాత్రం కథ అనిపించలేదు. మేమూ చెరొక రాయి వేశాం.

అక్కణ్ణుంచి వాయవ్యంగా దిగుడు, యాబీ బ్రూక్ వాగు లోయలోకి. దిగేకొద్దీ మంచు విడిపోయి ఎండ వచ్చింది. పీట్‌లోంచి దిగే వాగు నీళ్లు చిక్కటి డికాక్షన్ రంగులో ఉంటాయి. తాగడానికి ఇవ్వాలంటే శుద్ధి కేంద్రాల్లో ఆ రంగు వదిలించడమే పెద్ద పని. ఈ యాబీ బ్రూక్‌కీ ఒక చరిత్రుంది. కిండర్ చొరబాటు జరిగిన ఆ ఏడాదే, 1932 సెప్టెంబర్ 18న, షెఫీల్డ్ నుంచి దాదాపు రెండు వందలమంది నార్‌ఫోక్ డ్యూక్ రోడ్డు మీదుగా ఈ వాగు దాకా నడిచొచ్చారు. కాపలాదార్లు కర్రలతో ఎదురొచ్చారు, తోపులాట జరిగింది, అయినా ఎవరినీ అరెస్టు చేయలేదు. అరెస్టులు లేవు కాబట్టి పేపర్లకెక్కలేదు, కాబట్టి జనానికి గుర్తు లేదు. కిండర్‌కి ఏటా జనం వెళ్తారు. ఇక్కడ మేమిద్దరం, నాలుగు గొర్రెలు.

వాగు డెర్వెంట్ రిజర్వాయరులో కలిసేచోట అటవీ బాట అందుకున్నాం. కాస్త ఎగువకు పోతే హౌడెన్ ఆనకట్ట. 1901లో పని మొదలై 1912లో పూర్తయింది, 36 మీటర్ల ఎత్తు. నాగార్జునసాగర్ 124 మీటర్లు, కాబట్టి ఎత్తుతో నన్ను ఆకట్టుకోవడం కష్టం. నన్ను పట్టేసింది పనితనం. రాయి రాయికీ సన్నటి అతుకు. రెండు వైపులా కోట బురుజుల్లా రెండు టవర్లు. నీళ్ల కోసం కట్టిన గోడకు ఇంత సోకు దేనికని అడగొచ్చు. డెర్బీ, లెస్టర్, నాటింగ్‌హామ్, షెఫీల్డ్ నాలుగు నగరాలు కలిసి 1899 చట్టంతో బోర్డు పెట్టుకుని కట్టించినవివి. నగరాల డాబు చూపించుకోవాలి కదా. ఈ నీళ్లు లోయలోని వాళ్లకి కాదు, ఆ నగరాలకు.

ఇక్కడ కాళ్లు మొరాయించాయి. అయినా రిజర్వాయరు తల దాకా పోవాల్సిందే అన్నాను, ఎందుకంటే అక్కడ స్లిప్పరీ స్టోన్స్ వంతెన ఉంది. తూర్పు ఒడ్డు వెంట ఒక గంట నడక. నదికి అడ్డంగా రెండు కమానుల సన్నటి రాతి వంతెన. పదిహేడో శతాబ్దంలో సరుకు మోసే గుర్రాల కోసం డెర్వెంట్ ఊళ్లో కట్టింది. ఊరు మునిగేముందు దాన్ని రాయి రాయిగా విప్పి, నెంబర్లేసి దాచి, విరాళాలు పోగుచేసి 1959లో ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. అలంపురంలో గుడి, ఇక్కడ వంతెన. నేను దాని పిట్టగోడ మీద అరచేయి పెట్టి, నెంబర్ల ఆనవాలు ఏమైనా ఉందేమోనని వెతికాను. నాచు తప్ప ఏమీ దొరకలేదు. కింద పిల్లలు నీళ్లలో దూకుతున్నారు. మావాడు బూట్లు విప్పి కాళ్లు పెట్టాడు, పెట్టిన వేగంతోనే తీశాడు.

తిరుగు దారి పడమటి ఒడ్డు వెంట తారురోడ్డు. దీని గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. పొడవు, అంతే. వాగు వచ్చిన ప్రతిచోటా రోడ్డు లోపలికి పోయి మళ్లీ బయటికి వస్తుంది. ఎదుటి ఒడ్డు పిలిస్తే పలికేంత దగ్గర, నడిచేవాడికి మాత్రం అరగంట. పైన్ చెట్లు, చీకటి. ఇద్దరం మాట్లాడుకోవడం మానేశాం.

బర్చిన్‌లీ అన్న బోర్డు కనబడ్డాక మళ్లీ ఊపొచ్చింది. ఆనకట్టలు కట్టిన కూలీల ఊరిది. రేకుల ఇళ్లు కాబట్టి టిన్ టౌన్ అనేవాళ్లు. తొమ్మిది వందలమంది దాకా ఉండేవాళ్లు, పెళ్లాం పిల్లలతో సహా. బడి, ఆసుపత్రి, దుకాణాలు, స్నానాల గది, సారా దుకాణం, రైలు స్టేషన్ అన్నీ ఉండేవి. అంతకుముందు ఇట్లాంటి పనులు జరిగిన చోట కూలీలు బురదలో గుడిసెలేసుకుని రోగాలతో రాలిపోయేవాళ్లు. ఇక్కడ ముందు ఊరు కట్టి తరవాత పని మొదలుపెట్టారు. మా శాఖలో ఏ ప్రాజెక్టుకైనా మొదట క్యాంపు కాలనీ వేసే పద్ధతి ఉంది కాబట్టి నాకిది సొంత ఊరి వీధిలా తోచింది. ఇప్పుడు చెట్ల మధ్య మెట్టు మెట్టుగా చదును చేసిన నేల, అక్కడక్కడా పునాది రాళ్లు. కూలీల ఊరు కూడా ముంపు ఊరిలాగే పోయింది, నీళ్లు లేకుండానే.

డెర్వెంట్ ఆనకట్ట పడమటి కొస దగ్గర ఒక చిన్న రాతి ఫలకం ఉంది, టిప్ అనే కుక్కకి. 1953 డిసెంబర్లో జోసెఫ్ ట్యాగ్ అనే 85 ఏళ్ల గొర్రెల కాపరి దాన్ని వెంటబెట్టుకుని హౌడెన్ మూర్ మీదికి పోయి తిరిగి రాలేదు. 15 వారాల తరవాత అతని శవం దొరికింది. ఆ చలికాలమంతా మంచులో కుక్క శవం పక్కనే ఉంది, బతికే ఉంది. మావాడు ఇది చదివి ముక్కు చీదుకున్నాడు. జలుబు అన్నాడు.

ఆనకట్ట టవరు చెప్పే కథ వేరు. 1943లో జర్మనీలోని ఆనకట్టలు కూల్చడానికి బ్రిటన్ వైమానిక దళం 617వ స్క్వాడ్రన్ లాంకాస్టర్ బాంబర్ విమానాలతో ఇక్కడ సాధన చేసింది, ఎందుకంటే డెర్వెంట్ టవర్లు అక్కడి ఆనకట్టల టవర్లలాగే ఉంటాయి. మే 16 రాత్రి నీటి మీద ఎగిరెగిరి పడుతూ పోయే బాంబులతో మోనె, ఎడర్ ఆనకట్టల్ని తెంచారు. వెళ్లిన 133 మందిలో 53 మంది చనిపోయారు. ఇక్కడ వాళ్లను వీరులుగా తలుచుకుంటారు, అది సబబే. దిగువన చనిపోయినవాళ్లు దాదాపు 1600 మంది, అందులో ఎక్కువమంది జర్మన్లు బందీలుగా పట్టి పని చేయిస్తున్న విదేశీ కార్మికులు. నేను టవరు వైపు చూస్తూ వేరే రాత్రి గుర్తు తెచ్చుకున్నాను. 2009 అక్టోబర్ 2. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వస్తోంది, కర్నూలు ఊరంతా నీళ్లలో ఉంది, మేమంతా ఫోన్ల దగ్గర కూర్చుని కట్ట నిలుస్తుందా నిలవదా అని ఊపిరి బిగబట్టుకుని ఉన్నాం. కట్ట నిలిచింది. ఆనకట్ట తెగడం అంటే ఏమిటో ఆ రాత్రి కూర్చున్నవాడికి తెలుసు. బాంబుల సాధన కథ వింటుంటే నా చేతులు జేబుల్లోకి పోయాయి.

ఫెయిర్‌హోమ్స్ దగ్గర టీ కొట్టు మూసేవేళకి చేరాం. బస్సు కోసం నిలబడ్డ చోట బాతులు వచ్చి బూట్ల లేసులు పొడిచాయి. బస్సెక్కాక ఏం జరిగిందో నాకు తెలియదు, మావాడు షెఫీల్డ్‌లో లేపాడు.

ఆదివారం

మెట్లు దిగడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. అయినా ఇంట్లో కూర్చుంటే ఇంకా పట్టేస్తాయని మావాడి స్నేహితుడు కారులో బయల్దేరదీశాడు.

మొదట బామ్‌ఫర్డ్ చర్చి. డెర్వెంట్ నుంచి తరలించినవాళ్లు ఇక్కడే ఉన్నారు. ఇక్కడ గడ్డి చక్కగా కత్తిరించి ఉంది. ప్రార్థన ముగిసి బయటికొస్తున్న ఒక పెద్దావిడ, ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగింది. మాదీ ఆనకట్టల ఊరేనని, మా దగ్గర దేవుణ్ణి తరలించారని చెప్పాను. "మరి మనుషుల్ని?" అని అడిగింది. మనుషులకు డబ్బిచ్చి పొమ్మన్నారని చెప్పాను. ఆమె తల ఊపి, కారు తాళాలు వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

తరవాత హాథర్సేజ్ పైన స్టానేజ్ ఎడ్జ్. కిలోమీటర్ల పొడవున రాతి గోడ, దాని మీద తాళ్లకు వేలాడే కుర్రకారు. మేం పైకెక్కలేదు. గోడ కింద ఫెర్న్‌లలో తిరగలి రాళ్లు పడి ఉంటాయి. ఒకటీ రెండూ కాదు, గుంపులు గుంపులుగా. చెక్కి, గుండ్రం చేసి, నడుమ బెజ్జం వేసి, అమ్ముడుపోక అక్కడే వదిలేసినవి. జనం తెల్ల రొట్టె కావాలనడం మొదలుపెట్టాక ఈ రాయి పిండిని మసకబారుస్తుందని మిల్లులవాళ్లు ఫ్రాన్సు రాయి వైపు మళ్లారు. చెక్కేవాళ్ల పని ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇప్పుడు నేషనల్ పార్కు గుర్తు ఈ తిరగలి రాయే. పార్కు పొలిమేరల్లో రోడ్డు పక్కన బోర్డు బదులు ఇదే నిలబెడతారు.

ఒక రాయి మీద కూర్చుని ఉలి గాట్లను వేలితో తడిమాను. వరసలు ఒకదానికొకటి ఎక్కడా తప్పలేదు, అంచు దగ్గర మాత్రం ఒక గాటు సగంలో ఆగింది. మావాడు కొలత టేపు తెచ్చి ఉంటే బాగుండేది మామా అన్నాడు. టేపు నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది. తీసి కొలిచాం. వాడు ఫొటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టమన్నాడు. లండన్ ఎప్పుడు వెళ్తున్నారని వెంటనే ఒక మెసేజి వచ్చింది.

సాయంత్రం హాథర్సేజ్‌లో చిప్స్ కొనుక్కుని, వాటి మీద అక్క పంపిన నల్లకారం చల్లుకుని, కారు బానెట్‌కి ఆనుకుని తిన్నాం.